పీపాలపేటలో ఏడో గుర్తు

వంతెన దిగిన 203వ రోజు. పలక మీద అంకె: 46

మా నాన్నని చంపినవాడి పేరు రాస్తున్నాను. విశ్రాంత సుబేదారు, డాక్టర్ పైడి కూర్మారావు. కత్తితో చంపలేదు. తుపాకీతో చంపలేదు. పుస్తకంతో చంపాడు.

ఈయన పాతికేళ్ళు సైన్యంలో పనిచేశాడు. ఆ తర్వాత ఉగ్రవాదం మీద పెద్ద పండితుడయ్యాడు. ఒక ఊరు తిరగబడబోతోందని ముందే చెప్పే గుర్తులు పదకొండు ఉన్నాయని పుస్తకం రాశాడు. ప్రభుత్వం ఆ పదకొండింటినీ 'అంచనా' అనే యంత్రానికి నేర్పింది. దేశంలో అందరికీ ఉన్నట్టే మా మెళ్ళో వేలాడే పేరుబిళ్ళలు ఎప్పుడు ఎక్కడున్నాయో ఆ యంత్రం చూస్తుంటుంది. చూసి, వంతెన మొదట్లో ఉన్న పలక మీద అంకె మారుస్తుంటుంది. అంకె ఎనభై దాటి మూడు గంటలు నిలిచిందా, వంతెన దానంతటదే లేచిపోతుంది. నలభై రోజులు దిగదు. ఆ నలభై రోజులూ మా పడవల్ని కూడా ఒడ్డు తాకనివ్వరు. ఏ గుర్తు వల్ల అంకె పెరిగిందో మాకు చెప్పరు. చెబితే జాగ్రత్తపడిపోతామట!

పోయినసారి వంతెన లేచిన రోజునే నాన్న కాలికి తుప్పు గొలుసు గీసుకుంది. తొమ్మిదో రోజుకి దవడ బిగిసింది. ఒడ్డున ఆసుపత్రి దీపాలు మా గుమ్మంలోంచి కనిపిస్తూనే ఉన్నాయి.

ఇప్పటికి రెండుసార్లు లేచింది. మూడోసారి లేస్తే ఇక దిగదు. ఊరిని విప్పేస్తారు. చీటీలు తీసి ఒక్కో కుటుంబాన్ని ఒక్కో జిల్లా శిబిరానికి పంపుతారు. సముద్రం మింగేసిన ఏడు ఊళ్ళ వాళ్ళం కలిసి, ఖాళీ పీపాలు కట్టి, వాటి మీద బల్లలు పరిచి, ఇరవై ఏళ్ళు నిలబెట్టుకున్న ఊరు ఇది. ఒడ్డువాళ్ళు వెటకారానికి పీపాలపేట అన్నారు. మేం అదే పేరు పెట్టుకున్నాం.

రెండుసార్లు లేచిన ఊళ్ళో ఏడాదికోసారి ఒక పండితుడు నెల్లాళ్ళుండి నివేదిక రాయాలని నియమం. ఈసారి వచ్చినవాడు ఆ పుస్తకం రాసినవాడే. ఊరు చూపించడానికీ, కాగితాలు రాసిపెట్టడానికీ మనిషి కావాలన్నాడు. నేను వెళ్తానన్నాను. ఊరిపెద్ద ఎర్రన్న ఒప్పుకోలేదు.

"నివ్వొద్దే రత్నం. నీ నోరు మంచిది కాదు."

"ఊళ్ళో సక్కగా రాసేది నానే కదా పెద్దా."

"నాను బెంగెట్టుకున్నాది రాత గురించి కాదే గుంటా. నోటి గురించి."

చివరికి ఒప్పుకున్నాడు. మరి ఇంకెవరున్నారు?

204వ రోజు. అంకె: 46

ఏం తిట్టాలో కరపత్రాలు ముందేసుకుని బట్టీపట్టి వెళ్ళాను. అధికారం గురించి రెండు వాక్యాలు, రక్తం గురించి ఒకటి, చివర్న నాన్న పేరు.

మనిషి డెబ్భై ఒక్కేళ్ళవాడు, పొడుగు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. దుప్పటి నాలుగు మూలలూ కలిపి ఇటుకలా మడతపెట్టి ఉంది. ఆయన మాత్రం గుమ్మం ముందు కర్ర పట్టుకుని వేలాడుతున్నాడు. ఇల్లు ఊగడం పడక వచ్చినప్పట్నించీ కక్కుతూనే ఉన్నాడట.

"మా నాన్న పేరు మీకు తెలుసా?" అన్నాను.

"గనగళ్ల దాలయ్య," అన్నాడు తల తిప్పకుండానే. "రెండోసారి వంతెన లేచినప్పుడు నలుగురు పోయారమ్మా. నలుగురి పేర్లూ తెలుసు."

నేను చివర్న అనాల్సిన పేరు ఆయనే ముందు అనేశాడు.

"పేర్లు తెలిస్తే సరిపోయిందా?"

"సరిపోదు," అన్నాడు. అని మళ్ళీ కక్కాడు.

కక్కుతున్న మనిషిని ఎలా తిట్టాలో ఏ కరపత్రంలోనూ లేదు. చెంబుతో నీళ్ళిచ్చాను. ఇచ్చినందుకు రోజంతా నా మీద నాకే మంటగా ఉంది.

207వ రోజు. అంకె: 48

మా ఊళ్ళో పొద్దున లేవగానే ప్రతి ఇంటివాళ్ళూ చేసే పని ఒకటుంది. బల్లల కింద పీపాలకి పట్టిన గుల్ల గీకడం. వారం రోజులు గీకకపోతే ఆ బరువుకి ఇల్లు ఒక పక్కకి ఒరుగుతుంది. పండితుడికీ ఒక గీకుడుకత్తి ఇచ్చాను. నామోషీ పడతాడనుకున్నాను. నడుములోతు నీళ్ళలోకి దిగి మూడు వేళ్ళతో గీకడం మొదలుపెట్టాడు.

"సైన్యంలో ఎందుకు చేరారు? దేశభక్తా?"

"ఆకలి. అరెకరం పొలం, అయిదుగురు అన్నదమ్ములం. టెక్కలి దగ్గర పరుగు పెట్టించి తీసుకున్నారు. ముందు అన్నం పెడతారా, తర్వాత పరిగెత్తమంటారా అనడిగాను. అప్పట్నించి నా పేరు అన్నంరావు."

నవ్వొచ్చింది. మింగేశాను.

"వేళ్ళు?"

"మంచు."

గీకుతూనే తనే చెప్పాడు. జోగినాయుడని ఈయనతో ఒకే కంచంలో తిన్నవాడు. సెలవు మీద ఇంటికెళ్తూ ఒక రైల్వేస్టేషన్లో టీ తాగుతున్నాడట. బెంచీ కింద ఉన్న సంచి పేలింది. ఆ సంచి అక్కడ మూడు గంటలు ఉందని తర్వాత తేలింది.

"మూడు గంటలమ్మా. అటూ ఇటూ ఎంతమంది నడిచారో! ఒక్కరూ ఎవరిదని అడగలేదు. ముందే తెలుసుకునే దారి ఉండదా అనుకున్నాను. అదే నా చదువు. కాపలా గుడిసెలో కూర్చుని డిగ్రీ పరీక్షలకి చదివాను. నలభై నాలుగేళ్ళకి డాక్టరునయ్యాను."

"మీరు స్టేషన్‌ని కాపాడదామని రాస్తే వాళ్ళు మా వంతెన లేపుతున్నారు."

"అవును," అన్నాడు. కాదనడే ఈ మనిషి! కాదంటే కదా పోట్లాడేది.

ఆయన ఇనప ట్రంకులో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి యంత్రానికి నేర్పించిన పుస్తకం, పలచగా ఉంది. రెండోది విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసలు గ్రంథం. ఎత్తితే చెయ్యి లాగుతుంది. ప్రతి పేజీ అడుగునా చిన్నక్షరాల్లో బోలెడు రాత.

"రెండింట్లోనూ ఉన్నవి ఆ పదకొండు గుర్తులే కదా. తేడా ఏంటి?"

"లావుదాంట్లో నా సందేహాలున్నాయి. పలచదాంట్లో లేవు. ఆ కింది రాత తీసేస్తే పుస్తకం ఎక్కువమంది కొంటారని అచ్చువేసినాయన అన్నాడు."

"మీరేమన్నారు?"

"తీసెయ్యమన్నాను."

211వ రోజు. అంకె: 49. ఆ తర్వాత 63

ఇది సిగ్గుతో రాస్తున్నాను. చిట్టా అన్నాక దాచకూడదు.

చేపలకి మంచుగడ్డలు తెచ్చే మంచులారీలో ఒడ్డు నుంచి ఒక కరపత్రం వచ్చింది. 'బిళ్ళ లేని మెడే స్వేచ్ఛ గల మెడ' అని దాని మకుటం. పదిసార్లు చదివాను. మా ఈడువాళ్ళని పదమూడుమందిని పిలిచాను. బిళ్ళలు ఇంట్లో బియ్యపు కుండల్లో దాచి, మధ్యాహ్నం నాలుగింటికి వలల పాకకి రమ్మన్నాను. యంత్రం మనల్ని చూడలేకపోతే మన గురించి ఏమని లెక్కవేస్తుంది అన్నాను. అందరూ వచ్చారు. గంటసేపు మాట్లాడాను. ఎంత బాగా మాట్లాడానంటే, నా మాటలకి నాకే ఒళ్ళు గగుర్పొడిచింది.

బయటికి వచ్చి వంతెన వైపు చూశాను. అరవై మూడు.

212వ రోజు. అంకె: 63

రోజుకి ఒకటికన్నా తగ్గదు ఈ అంకె. ఎక్కడం మాత్రం గంటలో ఎక్కుతుంది.

ఎర్రన్న ఇల్లిల్లూ తిరిగి, ఎవరు, ఏం చేశారని కేకలేస్తున్నాడు. మా అమ్మ నా మొహం చూసింది. బియ్యపు కుండ నా ముందు పెట్టి తన పని చూసుకుంది.

కాగితాలు రాయడానికి వెళ్ళినప్పుడు కూర్మారావు గారు అడిగారు. గారు అని ఎందుకు రాశానో తెలీదు. కొట్టెయ్యను.

"నిన్న నాలుగింటికి మీ ఊళ్ళో పద్నాలుగు బిళ్ళలు ఒకేసారి కదలకుండా పడి ఉన్నాయమ్మా. మనుషులు మాత్రం ఇళ్ళలో లేరు. ఎవరు?"

"నేనే. రాసుకోండి. పట్టించండి."

"అరవకు. పక్కింటివాళ్ళు వింటారు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "జరిగింది రాస్తాను, నీ పేరు రాయను. అసలు రాయకపోతే ఇంకోసారి కింది రాత తీసేసినవాణ్ణవుతాను. కానీ ఇప్పుడొకటి తెలిసింది. ఇది ఏడో గుర్తు. పదకొండింట్లోకీ దీనికే బరువెక్కువ. దాడికి వెళ్ళేవాళ్ళు తమని గుర్తుపట్టే వస్తువులన్నీ ఇంట్లో వదిలేసి గుంపుగా బయల్దేరతారు, అని. పద్నాలుగుమందికి పద్నాలుగు పెరిగింది చూడు."

"ఆ మాట మీరు ఎక్కడ చూసి రాశారు?"

ఆయన ట్రంకు వైపు చూస్తూ కూర్చున్నాడు.

215వ రోజు. అంకె: 60

అసిరయ్య పడవ బోర్లాపడి దొరికింది. అసిరయ్య దొరకలేదు.

వీధి చివర పోలమ్మత్త కొడుకు. ముప్ఫై ఏళ్ళు లేవు. నాకు తెడ్డు పట్టడం నేర్పినవాడు. నా ఉపన్యాసం వినడానికి వచ్చి, వెనక కూర్చుని, మధ్యలో ఆవలించినవాడు. ఇరవై పడవలు వెతుకుతున్నాయి.

219వ రోజు. అంకె: 65

వెతికే పడవలు ఒకేచోట చేరినందుకు కూడా అంకె పెరిగింది. వెతకడం ఆపేశారు.

ఈ రోజు ఊరంతా ఎర్రన్న వాకిట్లో కూర్చుంది. విషయం పదకొండో రోజు గురించి.

ఒడ్డువాళ్ళ కోసం రాస్తున్నాను. సముద్రంలో పోయి శవం దొరకనివాళ్ళకి మాలో దహనం ఉండదు. పదకొండో రోజు సూర్యుడు రాకముందు పేరులేని నడక ఉంటుంది. నడవగలిగిన పెద్దవాళ్ళందరూ వరసగా, ఒకరి వెనక ఒకరు నీటి అంచుదాకా నడుస్తారు. పసుపన్నం ముద్దలు మూటకట్టి పట్టుకెళ్ళి అరటిదొప్పలో పెట్టి వదులుతారు. దారిలో ఎవరూ మాట్లాడరు. ఎవరినీ పేరు పెట్టి పిలవరు, ఎవరడిగినా పేరు చెప్పరు. పేరుని పట్టించే వస్తువు ఏదీ ఒంటి మీద ఉండకూడదు. మా ముత్తాతల కాలంలో పేరు చెక్కిన ఉంగరాలు, తాయెత్తులు తీసేవారు. తర్వాత ఫోన్లు ఇంట్లో వదిలేవారు. ఇప్పుడు బిళ్ళలు. పోయినవాడికి ఇంకా ఇంటి మీద ధ్యాస ఉంటుంది. పేరు తెలిస్తే దాన్ని పట్టుకుని వెంట వచ్చేస్తాడు. రాకూడదు. వాడి దారిన వాడు వెళ్ళాలి.

"నూట అరవై మందిమి బిళ్ళలు తీస్తే అంకె ఎక్కడికెల్తాదో రత్నాన్ని అడగండి," అన్నాడు ఎర్రన్న. అందరూ నా వైపు చూశారు. ఆ చూపు నాకు రావలసిందే.

"బిళ్ళలేసుకునే నడుద్దాం," అన్నారెవరో.

పోలమ్మత్త లేచింది. "బిళ్ళ మెళ్ళో ఉంటే పేరు మెళ్ళో ఉన్నట్టే. నా కొడుకు దాన్ని పట్టుకుని ఎనకాల వొచ్చెస్తాడు. ఏ ఇంటికొస్తాడు? నీ ఇంటికి రమ్మందునా?"

"పోనీ నివ్వొక్కర్తివీ నడువు వదినా," అన్నాడు ఎర్రన్న.

"ఒక్కర్తిని నడిస్తే దాన్ని నడకంతారేటి? మునుపు సచ్చినోళ్ళకి నాను నడవలేదా? నీ అన్నకి నడవలేదా ఎర్రన్నా?"

ఏమీ తేలకుండానే అందరూ లేచిపోయారు. నేనూ నోరు విప్పలేదు. జీవితంలో మొదటిసారి.

221వ రోజు. అంకె: 64

కూర్మారావు గారిని పోలమ్మత్త ఇంటికి తీసుకెళ్ళాను. పరామర్శకే వచ్చాడు. గుమ్మంలో కూర్చున్నాడు. ఆవిడ ఏడవడం మానేసి వల అల్లుకుంటోంది. నడక గురించి అడిగితే చెప్పింది. ఆయన జేబులోంచి కాగితం తీశాడు.

"అమ్మా, ఈ ఊరి వంతెన మొదటిసారి లేచింది మూడేళ్ళ కింద, కార్తీకంలో. ఆ రోజు ఏం జరిగిందో గుర్తుందా?"

"మంచుకోసం గొడవపడ్డాం, అందుకే లేపీసినారన్నారు."

"గొడవ అంతకు వారం ముందు అయిపోయింది. సరిగ్గా ఆ రోజు?"

ఆవిడ చెయ్యి ఆగింది. "అది మా ఇంటాయన పదకొండో రోజు బాబూ."

"రెండోసారి, పోయినేడు వైశాఖంలో?"

అది నాకు తెలుసు. గనగళ్ల అన్నదమ్ములిద్దరి పదకొండో రోజు. మా నాన్న నడకలో ముందున్నాడు. తిరిగొస్తూ గొలుసు తొక్కాడు. తొమ్మిదవకుండానే వంతెన లేచింది. ఇన్నాళ్ళూ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. మేమెవ్వరం చూడలేదు. ఏడుపుని ఎవరు మాత్రం లెక్కలో వేసుకుంటారు?

"ఆ రోజు ఎవరైనా ఆపి పేరు అడిగితే?" అన్నాడు ఆయన. "గట్టిగా అడిగితే? మూడుసార్లు అడిగితే?"

"సెప్పరు."

"హిందీలో అడిగితే..."

"తెలుగులో అడిగినా సెప్పరు బాబూ. ఆ పొద్దు ఎవరికీ పేరుండదు."

ఆయన కాగితం గుమ్మంలోనే వదిలేసి, బల్లల అంచు పట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఇల్లు ఊగడం వల్లేమో అనుకున్నాను. కాదు.

222వ రోజు. అంకె: 64

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. రాయమన్నది ఆయనే.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కింద, ఉత్తరాన ఒక రేవు. రేవుని పేల్చేస్తారని వార్త వచ్చింది. ఈయన దళం కాపలా. తెల్లవారకముందు పదకొండుమంది మూటలు పట్టుకుని, వరసగా, మాట్లాడకుండా నీటివైపు నడిచి వస్తున్నారు. ఎవరు మీరు, పేరు చెప్పండి అని మూడుసార్లు అరిచాడు. ఒక్కరూ చెప్పలేదు, ఆగలేదు. కాల్చమన్నాడు. ఆరుగురు పడిపోయారు. మిగతావాళ్ళు నీళ్ళలోకి దూకారు. ఒక్కరి దగ్గరా ఫోను లేదు, కార్డు లేదు. మూటల్లో అన్నం ఉంది.

"దూర ప్రయాణానికి తిండి అని రాసుకున్నాను," అన్నాడు. "పసుపుపచ్చగా ఉంది అన్నం. దగ్గర అరటిదొప్పలున్నాయి. తినడానికి అనుకున్నాను."

"మన తీరంవాళ్ళు ఆ రేవులకి వలస వెళ్ళేవారు," అన్నాను. "మునిగిన ఊళ్ళ నుంచి ఉత్తరానికి పనికెళ్ళి తిరిగి రానివాళ్ళు చాలామంది అని అమ్మ చెప్పేది."

"విచారణలో నాది తప్పు కాదన్నారు. పతకం కూడా ఇస్తామన్నారు. వద్దన్నాను, అంత వరకే చేయగలిగాను. పదేళ్ళ తర్వాత దాన్నే ఏడో గుర్తు చేశాను."

లావు గ్రంథం తీసి నా చేతిలో పెట్టాడు. ఏడో గుర్తు పేజీ అడుగున చీమల్లాంటి అక్షరాలు: 'ఆధారం ఒక్క ఘటన. మృతుల పేర్లు తెలియరాలేదు. నిర్ధారించే వరకు దీనిని వాడరాదు.'

వాడరాదు! ఆయన మాటల్లోనే ఉంది. పలచ పుస్తకంలో ఆ మూడు వాక్యాలూ లేవు.

అరిచాను. ఏమేం అన్నానో అంతా రాయలేను. ఆ మూడు వాక్యాలు ఉండి ఉంటే నాన్న ఉండేవాడన్నాను. నాలుగు డబ్బులు మిగల్చుకోవడానికి మమ్మల్ని మిగలకుండా చేశావన్నాను. మీరు అనలేదు, నువ్వు అన్నాను. ఆయన నిలబడి విన్నాడు, సిపాయిలాగా, చేతులు పక్కకి పెట్టుకుని. నేను ఆగాక అన్నాడు:

"ఇంకా ఉంటే అను. తర్వాత కలం తియ్యి. ఎల్లుండి కాదు, ఆవలెల్లుండి నడక. మనకి పనుంది."

223వ రోజు. అంకె: 63

వంతెన ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి అధికారి ముప్ఫై ఏళ్ళవాడు, నున్నగా దువ్వుకున్న తల. ఈయన పేరు వినగానే లేచి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"మీ పుస్తకం చదివే నాకు ఈ ఉద్యోగం వచ్చింది సార్."

"ఏది, పలచదా?"

"ఇంకోటుందా సార్?"

ఈయన కాగితం ఇచ్చాడు. ఏడో గుర్తు తప్పు, రాసినవాణ్ణి నేనే, వెంటనే తీసెయ్యండి అని. కింద సంతకం, సైన్యపు నంబరు. అధికారి రెండుసార్లు చదివాడు.

"సవరణ అంటే పైన గుర్తులు చూసే సంఘం కూర్చోవాలి సార్. రెండు నెలలు పడుతుంది."

"ఎల్లుండి వీళ్ళ నడక."

"అయితే వాయిదా వేయించండి."

"చచ్చినవాడి పదకొండో రోజుని వాయిదా వేస్తారా బాబూ మీ ఇంట్లో?" అన్నాను. కూర్మారావు గారు నన్ను ఆపలేదు.

అధికారి మొహం ఎర్రబడింది. కిటికీలోంచి వంతెన వైపు చూశాడు. "నేను ఆపలేనమ్మా. లేపేది నేను కాదు, మోటారు. దానికి నా సంతకం అక్కర్లేదు." గొంతు తగ్గించి, గోడతో చెప్పినట్టు చెప్పాడు. "బరువుంటే మాత్రం తిరగదు. లారీ ఏదైనా వంతెన మీద చిక్కుకుంటుందని పెట్టిన ఏర్పాటు. గంటకోసారి మూడుసార్లు చూస్తుంది. మూడుసార్లూ బరువుంటే యంత్రం చేతులెత్తేసి సంఘానికి కబురు పెడుతుంది. అప్పుడు సంఘం ఆ రోజే కూర్చోవాలి. మనుషులే సంతకం పెట్టాలి. పండితుడి కాగితం చదివిన తర్వాతే పెట్టాలి."

"ఎంత బరువు?"

"వందమంది నిలబడితే చాలు," అన్నాడు. వెంటనే, "నేనేం చెప్పలేదు," అన్నాడు.

224వ రోజు. అంకె: 62

ఊరు నడుస్తుంది. ఎర్రన్నే చెప్పాడు. "రెండు మాట్లు తెలీక నడిచినాం. ఈసారి తెలిసి నడుద్దాం."

కూర్మారావు గారు పోలమ్మత్త దగ్గరికెళ్ళి, తనూ నడవచ్చా అని అడిగాడు.

"నీకు నీళ్ళలో పోయినోళ్ళెవరున్నారు బాబూ?"

"ఆరుగురు. నా చేతిలోనే పోయారు. పేర్లు తెలీవు."

నేను మొన్ననే ఆవిడకి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. దొప్ప ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఆరు ముద్దలు నివ్వే సెయ్యాలి. నాను సెయ్యను. బిళ్ళ ఇంట్లో పెట్టి రా."

ఆయన్ని క్షమించానా? లేదు. మొదటి రోజు రాసిన వాక్యం కొట్టెయ్యలేదు. అది ఆయన చదివాడు కూడా. "ఉండనీ. కింద ఇంకో మాట చేర్చు," అన్నాడు. "ఒప్పుకున్నాడు, అని." ఈ రోజు పొద్దున్న మా వెనకింట్లో కూర్చుని అన్నం ముద్దలు కట్టడం నేర్చుకుంటున్నాడు. మూడు వేళ్ళతో ముద్ద నిలవడం లేదు. కట్టి, విరిగి, మళ్ళీ కట్టి. అమ్మ చూస్తూ చూస్తూ చివరికి, "గట్టిగా నొక్కీకు బాబూ," అంది. ఆయన ఊళ్ళోకి వచ్చాక ఆయనతో అమ్మ అన్న మొదటి మాట అది.

నేను నడవను. పోలమ్మత్తని అడిగి ఒప్పించుకున్నాను. "పో, నీ నోరు వొంతెన మీదే పనికొస్తాది," అంది. బిళ్ళలు తీసెయ్యమని పదమూడుమందిని పిలిచినదాన్ని నేను. రేపు బిళ్ళ మెళ్ళో వేసుకుని, నా పేరు అందరికీ కనిపించేట్టు నిలబడతాను.

ఈ చిట్టాని ఐదు వందల కాపీలు తీశాం. మంచులారీల వాళ్ళు ఒడ్డుకి తెస్తున్నారు. ఇది మీ చేతికి అందిందంటే మీరు ఒడ్డున ఉన్నవాళ్ళు. మా చేపలు కొంటారు. మమ్మల్ని చూసి బస్సులో సర్దుకుని కూర్చుంటారు. ఫర్వాలేదు. ఒక్క పూట రండి.

రేపు అయిదింటికి నూట అరవై మంది పేర్లు విప్పి నడుస్తారు. అయిదున్నర లోపే అంకె ఎనభై దాటుతుంది. నడిచినవాళ్ళు మధ్యాహ్నం దాకా ఇంటి గడప దాటకూడదు, అది మా పద్ధతి. కాబట్టి వంతెన మీద నిలబడడానికి మా వాళ్ళు రాలేరు. ఎనిమిదిన్నరకి మోటారు మొదటిసారి చూస్తుంది. తొమ్మిదిన్నరకి రెండోసారి. పదిన్నరకి మూడోసారి. వందమంది బరువు కావాలి. ఇప్పటికి నేనొక్కదాన్ని ఉన్నాను, యాభై కిలోలు కూడా లేను.

రాళ్ళు వద్దు, జెండాలు వద్దు, నినాదాలు కూడా వద్దు. ఈ మాట నేనంటున్నానంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. మీరు నమ్మండి. మీ బిళ్ళలు మెళ్ళో వేసుకునే రండి. ఎవరైనా పేరు అడిగితే చెప్పండి. గట్టిగా చెప్పండి. రేపు మా వాళ్ళు చెప్పలేరు కాబట్టి మీరు చెప్పాలి.

రేపు ఉదయం ఎనిమిది గంటలకి, పీపాలపేట వంతెన మీద. అన్నం తినే రండి, పదిన్నర దాటేదాకా నిలబడాలి.

గనగళ్ల నూకరత్నం